నెల్లూరులో ఒక కళాశాల ఫుట్‌బాల్ శిక్షణ: ఓడిపోతున్న కోచ్‌ను కొనసాగించాలా?

నెల్లూరు నగరంలోని ఒక డిగ్రీ కళాశాల తన విద్యార్థులకూ, చుట్టుపక్కల ఇంటర్ చదివే పిల్లలకూ కలిపి సాయంత్రం పూట నడుపుతున్న ఫుట్‌బాల్ శిక్షణ గురించి రాస్తున్న సమీక్ష ఇది. మా అబ్బాయి అక్కడ రెండో ఏడాది ఆడుతున్నాడు. వరుస ఓటముల తరువాత కోచ్‌ను మార్చాలని తల్లిదండ్రుల్లో ఒక వర్గం యాజమాన్యం మీద ఒత్తిడి తెస్తోంది. మార్చకపోతే పిల్లల్ని మాన్పించి క్రికెట్‌లో చేర్పిస్తామని కొందరు పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారి గదికి వెళ్లి చెప్పి వచ్చారు. కొత్తగా చేర్పించాలనుకుంటున్నవారు కూడా ఈ సంగతి విని వెనకాడుతున్నారు. వారికి ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో, మైదానం గట్టు మీద కూర్చుని నేను స్వయంగా గమనించినవాటిని ఆధారం చేసుకుని నా అభిప్రాయం చెబుతున్నాను. ఆ కోచ్ గారిని వచ్చే విద్యా సంవత్సరం అంతర కళాశాలల పోటీలు ముగిసే వరకు కొనసాగించాలి. అయితే ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో ఏ మార్పూ లేకుండా కొనసాగిస్తే మాత్రం మనం పట్టిన ఓపికకు ఫలితం ఉండదు.

శిక్షణ వారానికి అయిదు రోజులు, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడే వరకు జరుగుతుంది. వేసవిలో ఎండ కారణంగా ఉదయం ఆరు గంటలకు మారుస్తారు. కళాశాల విద్యార్థులకు నెలకు 300 రూపాయలు, బయటివారికి 600 రూపాయలు ఫీజు. కోచ్ గారు కళాశాలలో పర్మనెంట్ ఉద్యోగి కారు. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డి లైసెన్సు ఆయనకు ఉంది. ఆ వరుసలో దానిపైన సి, బి, ఎ, ప్రో లైసెన్సులు ఉంటాయి గనుక కాగితం మీద ఆయన అర్హత పెద్దదేమీ కాదు. పటియాలా ఎన్‌ఐఎస్‌లో (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా చేసినవారిని తీసుకురావాలని కొందరు అడుగుతున్నారు. దొరికితే మంచిదే. కానీ ఇక్కడ ఇచ్చే జీతానికి అలాంటివారు వచ్చి రోజూ మైదానంలో నిలబడతారని నమ్మి, ఉన్న మనిషిని ముందే పంపించివేయడం తొందరపాటు అవుతుంది.

ఓటముల విషయం దాచాల్సిన పని లేదు. ఆయన వచ్చిన తొలి ఏడాది అంతర కళాశాలల పోటీల్లో జట్టు మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టింది. ఈ ఏడాది ఒక మ్యాచ్ గెలిచి, తరువాతిది ఓడింది. ఆదివారాల్లో ఒంగోలు, కావలి, గూడూరు జట్లతో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌ల్లోనూ ఓటములే ఎక్కువ. అంతర కళాశాలల పోటీల్లో బాగా ఆడినవారినే సాధారణంగా విశ్వవిద్యాలయ జట్టుకు పరిశీలిస్తారు. ఆ జట్టులో చోటు దొరికితేనే దక్షిణ మండల అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లే వీలుంటుంది. ఆ స్థాయి ధ్రువపత్రాలకు స్పోర్ట్స్ కోటాలో విలువ ఉంటుంది. అందువల్ల జట్టు తొలి రౌండులో ఓడిపోతే, ఎంత ప్రతిభ ఉన్న పిల్లవాడైనా ఎంపిక చేసేవారి కంట పడకుండానే ఆ ఏడాది గడిచిపోతుంది. డిగ్రీలో మన పిల్లలకు ఉండేదే మూడు నాలుగేళ్లు. కాబట్టి తల్లిదండ్రుల ఆందోళనను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. నేనూ వారిలో ఒకణ్ణే.

అయినా ఆయన్ని కొనసాగించమని ఎందుకు అంటున్నానంటే, స్కోరు మాత్రమే చూసి వెళ్లేవారికి తెలియనిది రోజూ సాయంత్రం మైదానంలో జరుగుతోంది. కోచ్ గారు నాలుగు కోన్లు పెట్టి ఒక చదరం గీస్తారు. నలుగురు పిల్లలు అంచుల మీద, ఒకడు మధ్యలో ఉంటారు. అంచున ఉన్నవాడు బంతి తన దగ్గరికి చేరేలోపు ఒక్కసారి భుజం మీదుగా వెనక్కి చూసి తీరాలి. చూడకుండా అందుకుంటే, ఆ తరువాత పాస్ ఎంత చక్కగా ఇచ్చినా ఆయన ఈల వేసి ఆపుతారు. “నీ వెనకాల ఎవరున్నారో చెప్పు” అని అడుగుతారు. చెప్పలేకపోతే అందరూ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కోపం, తిట్టు ఏమీ ఉండవు; ఆ ప్రశ్న మాత్రం వదలరు. రెండో పాఠం బంతిని ఆపే తీరు. బంతిని కాలికింద నొక్కిపట్టి, ఆ తరువాత ఎటు వెళ్లాలా అని ఆలోచించే అలవాటు మన పిల్లల్లో చాలామందికి ఉంది. తాకిన తొలి స్పర్శలోనే బంతిని వెళ్లదలచుకున్న వైపు అర గజం జరపమని ఆయన నేర్పుతారు. పాదం లోపలి అంచును ఎంత వదులుగా ఉంచాలో, ఒక్కొక్కడి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చేత్తో పట్టుకుని చూపిస్తారు. చేరినప్పుడు తల వంచుకుని బంతినే చూస్తూ పరుగెత్తిన పిల్లలు ఇప్పుడు తల ఎత్తి ఆడుతున్నారు. నేను కళాశాల రోజుల్లో కావలిలో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడినవాణ్ణి; ఈ రెండు విషయాలూ మాకు ఎవరూ నేర్పలేదు.

వార్మప్ మీద వచ్చిన ఫిర్యాదు గురించి కూడా చెప్పాలి. “ఇరవై నిమిషాలు గెంతులకే సరిపోతోంది, బంతి ఎప్పుడు ముట్టుకుంటారు” అని ఒక తండ్రి గారు నాతోనే అన్నారు. ఆ గెంతులు కోచ్ గారు సొంతంగా కల్పించినవి కావు. ఫిఫా వైద్య నిపుణులు గాయాల నివారణ కోసం రూపొందించిన ‘11+’ అనే వ్యాయామ క్రమం అది. అందులో మూడు భాగాలుగా 15 వ్యాయామాలు ఉంటాయి, పూర్తి చేయడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది, వారానికి కనీసం రెండుసార్లు చేయించమని సూచన ఉంది. నెమ్మదిగా పరుగు, తరువాత తొడ వెనక కండరాలకూ నడుముకూ బలం, ఒంటికాలి మీద నిలకడ, గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకుండా చూసుకోవడం, చివరగా వేగంగా దిశ మార్చే పరుగు, ఇదీ దాని వరుస. గట్టి నేల మీద ఆడే మన పిల్లలకు మోకాలి లిగమెంటు తెగితే ఆపరేషన్, ఆ తరువాత నెలల తరబడి విశ్రాంతి తప్పవు; ఆటే కాదు, సెమిస్టర్ కూడా పోతుంది. జీతం తక్కువైనా, ఓటముల ఒత్తిడి ఉన్నా, ఒక్క రోజు కూడా ఈ క్రమాన్ని కుదించని మనిషిని నేను గౌరవిస్తాను.

ఇక ఆయన చేతికి వచ్చిన పిల్లలు ఎటువంటివారో చూడాలి. ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కళాశాలల్లో ఉదయం నుంచి రాత్రి వరకు తరగతి గదుల్లో గడిపి, మైదానం ముఖం చూడకుండా డిగ్రీకి వచ్చినవారే వీరిలో ఎక్కువ. పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో మొదటిసారి ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నవారు సగానికి పైగా ఉన్నారు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ నడిపే క్రీడా గ్రామం వంటి చోట చిన్నతనం నుంచే బంతితో పెరిగిన పిల్లలతో వీరిని పోల్చడం న్యాయం కాదు. పైగా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు నుంచి వచ్చేవారు బస్సు అందుకోవడానికి శిక్షణ ముగియకముందే సంచి భుజాన వేసుకుని బయలుదేరతారు. పదకొండు మందితో నిండు ఆట ఆడించి తప్పులు సరిదిద్దాల్సిన చివరి అరగంటలో మైదానంలో ఎనిమిది మందే మిగులుతారు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడితే, పడమటి గోల్ ముందు బురద రోజుల తరబడి ఆరదు. అంతర కళాశాలల పోటీలకు ముందు నెలల్లో శిక్షణ ఎంత సాగిందో ఆ వానలను అడగాలి.

ఆయనకు ముందు ఉన్న కోచ్ హయాంలో జట్టు ఒక ఏడాది సెమీఫైనల్‌కు వెళ్లిందని అందరూ గుర్తు చేస్తున్నారు. నిజమే. ఆ జట్టులో వేరే చోట ఆట నేర్చుకుని వచ్చిన కుర్రవాళ్లు ముగ్గురు ఉన్నారు. వెనక నుంచి బంతిని ఎత్తి కొట్టడం, ముందున్న ఆ ముగ్గురూ ఏదో ఒకటి చేయడం, అంతకు మించి ఆటలో వ్యూహం కనిపించేది కాదు. వారు చదువు ముగించుకుని వెళ్లిపోగానే మిగిలినవారికి బంతిని ఆపడం కూడా సరిగా రాదని బయటపడింది. ఇప్పటి కోచ్ గారు అందుకున్నది ఆ జట్టును.

ఓపిక గురించి మాట్లాడుకునేటప్పుడు మన తెలుగు నేల మీద పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలచుకోకుండా ఉండలేం. హైదరాబాదులో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మన ఆటగాళ్లలో చాలామంది అప్పుడు బూట్లు లేకుండా ఆడారు. పది గోల్స్ తిన్న జట్టు కోచ్‌కు ఇక అవకాశం ఇవ్వనక్కర్లేదని అనుకుని ఉంటే తరువాతి చరిత్ర ఉండేది కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టే ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఫ్రాన్స్‌తో 1-1 డ్రాయే మిగిలింది. 1962 జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓడిన జట్టు, ఫైనల్లో అదే కొరియాను 2-1 తో గెలిచి స్వర్ణం తెచ్చింది. రహీం గారు అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు, మరుసటి ఏడాది కన్నుమూశారు. ఈ ప్రయాణంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆయన కొనసాగడం ఒక్కటే కాదు. బూట్లు లేని ఆట నుంచి బూట్ల ఆటకు, పాత వ్యూహం నుంచి 4-2-4 కు (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) జట్టును నడిపించారు. ఆ ఫైనల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడిస్తే, గెలుపు గోల్ కొట్టింది ఆయనే. ఓటమి తరువాత రహీం గారు ఏదో ఒకటి మారుస్తూనే వచ్చారు.

అమెరికాలో ఇదే ప్రశ్న ప్రతి శరదృతువులోనూ లేస్తుంది. అక్కడ ఫుట్‌బాల్ పేరుతో ఆడేది వేరే ఆటే అయినా, కళాశాల కోచ్ ఓడిపోతుంటే ఏం చేయాలన్న చిక్కు ఒకటే. వర్జీనియా టెక్‌లో చదివి, అక్కడే ఆడిన ఫ్రాంక్ బీమర్ 1987లో అదే విశ్వవిద్యాలయానికి కోచ్‌గా వచ్చారు. ఆరో ఏడాది, 1992లో, పదకొండు మ్యాచ్‌ల్లో రెండు గెలిచి, ఎనిమిది ఓడి, ఒకటి డ్రా చేసుకున్నారు. ఆయన్ని పంపించలేదు గాని సహాయ కోచ్‌లలో మార్పులు జరిగాయి. 1993 నుంచి ఆయన విరమించిన 2015 వరకు జట్టు వరుసగా 23 ఏళ్లు సీజన్ చివర, బాగా ఆడిన జట్లను పిలిచి నడిపే బౌల్ పోటీలకు వెళ్లింది. దీనికి ఎదురుగా నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పూర్వ విద్యార్థి స్కాట్ ఫ్రాస్ట్‌ను 2018 సీజన్ కోసం ఎంతో ఆశతో తెచ్చుకున్నారు. ఆయన ఆడించిన 47 మ్యాచ్‌ల్లో 16 గెలిచి 31 ఓడారు. ఒకే ఒక్క స్కోరు (ఆ ఆటలో ఎనిమిది పాయింట్లు లేదా అంతకు తక్కువ) తేడాతో తేలిన మ్యాచ్‌ల్లో గెలిచినవి 5, ఓడినవి 22. ఆఖరి క్షణాల్లో చేజార్చుకోవడం ఏటా అలాగే సాగింది. 2022 సెప్టెంబరులో సొంత మైదానంలో జార్జియా సదరన్ చేతిలో ఓడిన మర్నాడే ఆయన్ని తొలగించారు. ఇద్దరికీ సమయం దొరికింది. ఇద్దరూ ఆ విశ్వవిద్యాలయాల ఇంటి బిడ్డలే. ఒకచోట ఓటమి తరువాత పని తీరు మారింది, మరొకచోట ఒకే రకపు ఓటమి మళ్లీ మళ్లీ వచ్చింది. కాబట్టి మన కోచ్ గారి విషయంలో అడగాల్సినది ఎన్ని మ్యాచ్‌లు ఓడారని మాత్రమే కాదు, ఏ తప్పుతో ఓడారని, ఆ తప్పు ఇంకా అలాగే ఉందా అని.

ఈ కొలతతో చూస్తే ఆయన మీద నాకు రెండు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది గోల్ కిక్, అంటే ఎదుటి జట్టు చివరిగా తాకిన బంతి గోల్ గీత దాటి బయటికి పోతే మన గోల్ ముందు నుంచి ఆటను మళ్లీ మొదలుపెట్టే కిక్. 2019లో మారిన నిబంధన ప్రకారం గోల్ కిక్ తీసినప్పుడు బంతి పెనాల్టీ ఏరియా (గోల్ ముందు గీసిన పెద్ద గడి) దాటకుండానే సొంత ఆటగాడు అందుకోవచ్చు. కోచ్ గారు దీన్ని వాడుకుని, గోల్‌కీపర్ చేత పక్కనే ఉన్న డిఫెండర్‌కు చిన్న పాస్ ఇప్పించి, అక్కడి నుంచి నేల మీదుగా ఆటను ముందుకు నడిపించాలని చూస్తారు. మంచి మైదానం, అనుభవం ఉన్న కీపర్ ఉంటే అది అందమైన ఆట. మన కళాశాల మైదానంలో మాత్రం గోల్ ముందు నేల గతుకులమయం, నడిమధ్యన క్రికెట్ పిచ్ గట్టిగా ఎత్తుగా ఉండి బంతి అక్కడ తగలగానే లేచిపోతుంది. ఈ ఏడాది ఓడిన మ్యాచ్‌లో రెండు గోల్స్ ఇక్కడే వచ్చాయి. రెండోది నా కళ్లముందే జరిగింది: కీపర్ ఇచ్చిన చిన్న పాస్ గతుకులో తగిలి డిఫెండర్ మోకాలి ఎత్తుకు లేచింది, అతను సర్దుకునేలోపు ఎదుటి ఫార్వర్డ్ బంతిని లాక్కుని ఖాళీ గోల్‌లోకి తోశాడు. ఆ తరువాతి గోల్ కిక్ కూడా అలాగే తీయించారు. నేర్పుతున్న ఆట మీద నమ్మకం ఉండడం మంచిదే గాని, నేల ఒప్పుకోని చోట పిల్లల చేత పదే పదే అదే చేయించడం పట్టుదల కాదు, మొండితనం. ప్రాక్టీసులో నేర్పండి, పోటీ మ్యాచ్‌లో నేలను బట్టి బంతిని దూరంగా కొట్టే అనుమతి కీపర్‌కు ఇవ్వండి అని ఆయనతో నేరుగా చెప్పాను. విన్నారు. మార్పు ఇంకా చూడాలి.

రెండోది గోల్‌కీపర్ శిక్షణ. మిగతా పిల్లలు చదరంలో పాస్‌లు నేర్చుకుంటుంటే, ఇద్దరు కీపర్లూ ఒకరికొకరు బంతి విసురుకుంటూ కాలం గడుపుతారు. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న గోల్‌ను కాపాడేవాడికి అడుగులు వేసే తీరు, పక్కకు దూకి దిగే తీరు, కార్నర్ కిక్ వచ్చినప్పుడు బయటికి రావాలా గీత మీదే ఉండాలా అని తేల్చుకునే తీరు విడిగా నేర్పాలి. ఒక్క మనిషి ముప్పై మందిని చూస్తూ ఇది చేయలేరు. వారానికి రెండు రోజులైనా కీపర్ల కోసం ఒక సహాయకుణ్ణి పెట్టాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. నగరంలో ఒకప్పుడు విశ్వవిద్యాలయ స్థాయిలో ఆడిన కీపర్లు ఉన్నారు, అడిగితే కొద్ది భత్యానికి వచ్చేవారూ ఉంటారు.

సేవగా చూస్తే యాజమాన్యం లోపాలే ఎక్కువ. ముప్పై మందికి ఆరు బంతులు ఉన్నాయి, వాటిలో రెండింటి కుట్లు ఊడాయి. గాలి సరిగా నిలవని బంతితో తొలి స్పర్శ నేర్చుకోమనడం కష్టం. తాగునీటి క్యాన్ అయిదున్నరకే ఖాళీ అవుతుంది. ప్రథమ చికిత్స పెట్టె పీడీ గారి గదిలో ఉంటుంది, ఆయన ఇంటికి వెళ్తే గది తాళం పడుతుంది. ఒకసారి చీలమండ బెణికిన కుర్రవాడికి ఐస్ కోసం ఎదురుగా ఉన్న కూల్‌డ్రింక్ షాపుకు పరుగెత్తాల్సి వచ్చింది. అమ్మాయిలకు ప్రత్యేక సమయం అసలు లేదు. అడిగి వెళ్లిన ఇద్దరు డిగ్రీ అమ్మాయిలను అబ్బాయిలతో పాటు ఆడమన్నారు, వాళ్లు వారానికే మానేశారు. ఈ విషయం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించింది. వీటిలో ఏదీ కోచ్‌ను మార్చితే తీరేది కాదు.

అందుకే కాంట్రాక్టు పొడిగించేటప్పుడు కొన్ని షరతులు రాతపూర్వకంగా ఉండాలని కొందరం కలిసి యాజమాన్యానికి అర్జీ ఇచ్చాం. కీపర్లకు సహాయకుడు, ఇరవై బంతులు, మైదానంలోనే ప్రథమ చికిత్స పెట్టె, అమ్మాయిలకు వారంలో మూడు రోజులు విడి సమయం కళాశాల చూసుకోవాలి. కోచ్ గారు ప్రతి మ్యాచ్ తరువాత ఏ గోల్ ఎలా వచ్చిందో ఒక పుస్తకంలో రాసి, నెలకోసారి తల్లిదండ్రులతో కూర్చుని చెప్పాలి. వచ్చే ఏడాది పోటీల నాటికి గోల్ కిక్ దగ్గర, కార్నర్ల దగ్గర ఇప్పటి తప్పులే కొనసాగితే అప్పుడు మార్పు అడిగేవారిలో నేను కూడా ఉంటాను. తొలి రౌండులో ఓడినా సరే, ఆ గోల్స్ తగ్గి, ఆట మధ్య మైదానం దాటి సాగుతుంటే ఆయన్ని మరో ఏడాది ఉంచమని అడుగుతాను.

కొత్తగా చేర్పించాలనుకునేవారికి నా సలహా: ఆట నేర్చుకోవాలనే పిల్లలకు ఈ శిక్షణ మంచిది, నిస్సందేహంగా చేర్పించండి. ఈ ఏడాదే ధ్రువపత్రం కావాలనుకునేవారికి ఇది సరిపోదు. చేరేముందు ఒక సాయంత్రం అయిదు గంటలకు వెళ్లి గట్టు మీద కూర్చుని చూడండి. స్టడ్స్ ఉన్న బూట్లు, మోకాలి కింద కట్టే షిన్ గార్డులు, రెండు లీటర్ల నీళ్ల సీసా పిల్లవాడి చేత పంపండి. గ్రామాల నుంచి వచ్చేవారు చివరి అరగంట ఆట పోకుండా, అటువైపు వెళ్లే ఇద్దరు ముగ్గురు కలిసి ఆటో మాట్లాడుకునే ఏర్పాటు చేసుకుంటే బాగుంటుంది. కోవూరు వైపు పిల్లలు ఇప్పటికే అలా చేస్తున్నారు. ఫీజు నెలవారీగానే కట్టండి, ఏడాదికి ఒకేసారి కట్టమంటే ఒప్పుకోవద్దు. కాంట్రాక్టు పొడిగింపు మీద యాజమాన్యం జూన్‌లో నిర్ణయం తీసుకుంటుందని పీడీ గారు చెప్పారు. ఆ లోపు మీ పిల్లల ఆటలో మీరు చూసిన మార్పు, చూసిన లోపం, రెండూ కాగితం మీద రాసి ఆయనకు ఇవ్వండి.